గీత మీద ఏడుగురు

విశాఖ తీరమండల అమెరికన్ ఫుట్‌బాల్ సంఘం నిర్వహించిన మొదటి ఛాంపియన్‌షిప్ అన్ని నిబంధనలనూ తు.చ. తప్పకుండా పాటిస్తూ, ఎలాంటి అవాంఛనీయ సంఘటనలూ లేకుండా, ముందుగా అనుకున్న జట్టే గెలిచి జయప్రదంగా ముగిసిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. ఈ మాట చెప్పే అర్హత నాకుంది. నా పేరు తాతబాబు. ఒక ప్రైవేటు స్కూల్లో పి.ఇ.టి.ని. ఆ పోటీలో గీత పక్కన నిలబడి, ఆటగాళ్ళు చట్టబద్ధంగా నిలబడ్డారా లేదా అని పరిశీలించిన అధికారిని నేనే.

మీరు మ్యాచ్‌కి వచ్చారు కాబట్టి మీకు చాలావరకు తెలుసు. అయినా మీలో ఎక్కువమంది ఆట చూడటానికి కాక, మీ పిల్లల స్కూలు యజమాని పిలిచాడు కాబట్టి వచ్చారు. అందుచేత మొదటి నుంచీ చెబుతాను.

ఇది మనం ఎరిగిన ఫుట్‌బాల్ కాదు. బంతి పెద్ద పనసగింజ ఆకారంలో ఉంటుంది. దాన్ని కాలితో తన్నడం తక్కువ, చంకలో పెట్టుకుని పరిగెత్తడం ఎక్కువ. మరి ఫుట్‌బాల్ అని ఎందుకన్నారని మొదటి సర్వసభ్య సమావేశంలో ఒకాయన అడిగారు. ఆయన ఇప్పుడు సభ్యుడు కారు.

సంఘాన్ని స్థాపించింది, దానికి అధ్యక్షులు మా స్కూలు యజమాని మోహన్ గారు. వారి నాన్నగారు భీమవరం నుంచి వచ్చి పోర్టులో రెండు లారీలు తిప్పారు. మోహన్ గారు పోర్టునే తిప్పుతున్నారని గిట్టనివాళ్ళంటారు. వారి అబ్బాయి నాగవంశీ ద్వారకా నగర్‌లో రెండేళ్ళు వరసగా కోచింగ్ తీసుకుని, రెండుసార్లూ ఫోన్ నంబరంత ర్యాంకు తెచ్చుకున్నాడు. ఇక మిగిలిన దారి క్రీడా కోటా. క్రికెట్‌లో పోటీ ఎక్కువ. కబడ్డీలో దెబ్బలు తగులుతాయి. చదరంగంలో ఎదుటివాడు ఆలోచిస్తాడు. కోటా జాబితాను కింది దాకా చదివితే, జిల్లాలో ఒక్కడూ ఆడని ఆట ఇదొక్కటే కనిపించింది. యువతలో అంతర్జాతీయ క్రీడాస్ఫూర్తి నింపాలన్న తపన మోహన్ గారికి ఆ పూటే కలిగింది.

నాగవంశీ కెప్టెన్‌గా సింహాద్రి లయన్స్ అనే జట్టు తయారైంది. అందరూ అధ్యక్షుల వారి మేనల్లుళ్ళు, లేదా కావాలనుకుంటున్నవాళ్ళు. జట్టు పేరు కాగితం మీద రాసి, కొబ్బరికాయతో సహా సింహాచలం తీసుకెళ్ళి పూజ చేయించాం. అక్కడిదాకా వచ్చాక ఒక సాంకేతిక సమస్య తలెత్తింది. ఛాంపియన్ కావాలంటే ఎవరో ఒకరిని ఓడించాలి. ఓడిపోవడానికి జట్టు లేదు.

అప్పుడు నాకు జాలరిపేట కుర్రాళ్ళు గుర్తొచ్చారు. ఏప్రిల్ మధ్య నుంచి జూన్ మధ్య దాకా చేపల వేట నిషేధం. బోట్లన్నీ ఇసుకలో బోర్లా పడి ఉంటాయి, మనుషులు వలలకు మాట్లు వేసుకుంటూ కూర్చుంటారు. ఓడిపోవడానికి తీరిక ఉన్న బలమైనవాళ్ళు వైజాగ్‌లో ఆ రెండు నెలలూ వాళ్ళే. వాళ్ళలో పెద్దవాడైన ఎల్లారావుని కలిసి, గెలిచిన జట్టుకి ప్రభుత్వం గుర్తించే సర్టిఫికెట్, ఓడిన జట్టుకి జ్ఞాపిక ఇస్తామని చెప్పాను. నా ఉద్దేశంలో జ్ఞాపిక వాళ్ళది. ఎల్లారావు మాత్రం సర్టిఫికెట్ దగ్గరే ఆగిపోయాడు.

అతనికి దానితో పని ఉంది. తీరం కాపలా బోట్ల మీద తాళ్ళూ లంగరూ చూసే లస్కరు ఉద్యోగాలు ఒక శాఖవాళ్ళు క్రీడా కోటాలో వేశారు. వయసు ముప్పై దాటకూడదు. ఎల్లారావుకి జూలై నెలాఖరుకి ముప్పై నిండుతాయి. కిందటేడు అతని బోటు ఇంజను ఆగిపోయి రెండు రాత్రులు, ఒక పగలు సముద్రంలో కొట్టుకుపోయాడు. ఒక ఓడవాళ్ళు చూసి లాక్కొచ్చారు. ఆ సంగతి నాకు చెప్పింది అతని తల్లి పాపాయమ్మ, వాళ్ళింటి ముందు ఎండుచేపల గంప దింపి నడుం పట్టుకుని:

“మావోడు గెలిత్తే గవర్నమెంటు బోటంట గదా బాబూ. గవర్నమెంటు బోటు మునిగితే ఎతుకుతారు. మాది మునిగితే ఎవుడెతుకుతాడు?”

ఈ ఆటలో ఇంత ప్రయోజనం ఉందని అధ్యక్షుల వారికి కూడా తట్టలేదు. నేను ఆవిడ గంపలోంచి రెండు ఎండు కవళ్ళు కొనుక్కుని ఇంటికి వెళ్ళాను.

ఇక నిబంధన సంగతి. ఇది ఒక్కటి తెలిస్తే చాలు. బంతి ఉన్న జట్టులో పదకొండు మంది ఉంటారు. బంతి కదలబోయే ముందు అందులో కనీసం ఏడుగురు బంతి దగ్గరి గీత మీద ఉండాలి. వెనక నలుగురికి మించకూడదు. గీత మీద నడిమివాడు వంగి, బంతిని కాళ్ళ సందులోంచి వెనకవాడికి అందిస్తాడు. మిగతా ఆరుగురు గీత మీద ఉన్నదీ లేనిదీ ఎలా తేలుస్తారంటే, ఈ నడిమివాడి నడుముకి సమంగా మైదానానికి అడ్డంగా ఒక రేఖ ఉందని ఊహించుకోవాలి. పక్కవాళ్ళ తల ఆ రేఖ దాకా వస్తే గీత మీద ఉన్నట్టు. రాకపోతే లేనట్టు. లేకపోతే అధికారి పసుపు జెండా విసురుతాడు. జట్టు ఐదు గజాలు వెనక్కి పోతుంది. ఆ విడతలో ఎన్ని పాయింట్లు వచ్చినా రద్దు.

ఇందులో ఒక మంచి ఆచారం కూడా ఉంది. చివర నిలబడ్డ ఆటగాడికి తాను గీత మీద ఉన్నదీ లేనిదీ కనబడదు. కాబట్టి పక్కనున్న అధికారి వైపు చూసి అడగవచ్చు. అధికారి తల ఊపితే ఉన్నట్టు. చెయ్యి వెనక్కి చాపితే లేనట్టు, అతను సర్దుకుంటాడు. తప్పు జరిగాక పట్టుకోవడం కన్నా జరగకముందే చెప్పడం మేలని దీని భావం. మన దేశపు అధికారులకి ఇది కొత్త. శిక్షణ తరగతిలో మా ప్రధాన రిఫరీ చలమయ్య మాస్టారు, రిటైరైన డ్రిల్లు మాస్టారు, “ముందే చెప్పేస్తే ఇంక మనమెందుకయ్యా?” అని అడిగారు. ఆ ప్రశ్న మినిట్స్‌లోకి ఎక్కింది గానీ జవాబు ఎక్కలేదు.

సాధన మొదలైన వారానికే ప్రమాదం బయటపడింది. పేటవాళ్ళు బాగా ఆడుతున్నారు. కారణం మేం ఊహించలేదు. ఫైబర్ తెప్పని ఇసుక మీద నుంచి అలల్లోకి తొయ్యాలంటే ఏడెనిమిది మంది భుజం భుజం ఆనించి, వంగి, కదలకుండా అల కోసం కాచుకుంటారు. ఒకడు తొందరపడితే తెప్ప అడ్డం తిరుగుతుంది, పళ్ళు రాలతాయి. సమయం వచ్చిందా, అందరూ ఒక్క ఊపున తోస్తారు. అంటే అమెరికాలో కోట్లు పోసి నేర్పించే పని వీళ్ళు పుట్టినప్పటి నుంచీ కూలి లేకుండా చేస్తున్నారు. మొదటి సాధన మ్యాచ్‌లో లయన్స్‌ని తెప్పని తోసినట్టే తోశారు. నాగవంశీ వాళ్ళ నాన్నగారి కారు దగ్గర తేలాడు.

ఎల్లారావు చివర నిలబడేవాడు, బంతి అందుకోవడానికి. ప్రతిసారీ నా వైపు తిరిగి అడిగేవాడు:

“బావా, గీత మీదున్నానేటి?”

ఇక్కడ మగాళ్ళందరూ ఒకరికొకరు బావలే కాబట్టి దీన్ని పక్షపాతంగా ఎవరూ భావించనక్కర్లేదు. నేను తల ఊపేవాణ్ణి. ఒక్కసారైనా అతను తిరిగి తన కాళ్ళవైపు చూసుకోలేదు. నువ్వే చూసుకోవచ్చు కదా అని అడిగాను ఒకరోజు.

“మాం సముద్దరంలోంచి ఒడ్డుకొచ్చినప్పుడు ఎనకాల అల మాకు అగుపడదు బావా. ఇసక మీద ఒకుడు నిలబడి సెయ్యి సూపుతాడు, ఆగండి అనో, రండి అనో. ఆడు రమ్మంతే కళ్ళు మూసుకుని ఒచ్చీడమే. ఆడి సెయ్యిని నమ్మకపోతే ఇంకేటి నమ్ముతాం?”

అతను దాన్ని గొప్ప మాటలా చెప్పలేదు, బీడీ ఆర్పుతూ చెప్పాడు.

అధ్యక్షుల వారు పరిస్థితిని సమీక్షించి, ఆటలో నాణ్యతా ప్రమాణాలు పెంచాలని నిర్ణయించారు. వెంటనే వ్యూహ పరిశీలన ఉపసంఘం ఏర్పడింది. పదమూడు మంది సభ్యులు. వారిలో ఎవరూ ఈ ఆట చూసి ఉండకపోవడం వల్ల నిష్పాక్షికతకు లోటు లేకుండా పోయింది. ఉపసంఘం నాలుగుసార్లు సమావేశమై, నిబంధన మొత్తం నడుము మీద ఆధారపడి ఉందని, నడుము అంటే కచ్చితంగా ఎక్కడో ఎవరూ నిర్వచించలేదని కనిపెట్టింది. తాపీమేస్త్రి వాడే నూలుతాడు, ఇత్తడి గుండు, రసమట్టం కొన్నారు. మా స్కూలు యూనిఫారాలు కుట్టే నరేష్‌ని నడుము నిర్ధారణాధికారిగా నియమించారు. జిల్లాలో నడుము గురించి అధికారపూర్వకంగా మాట్లాడగలిగినవాడు అతనొక్కడేనని తీర్మానంలో రాశారు. నరేష్ మెడలో టేపు అప్పటికే ఉంది కాబట్టి వేరే యూనిఫారం అవసరం కాలేదు.

మొదట లయన్స్ నడిమివాడు చింటూని కొలిచారు. చింటూ నూట పన్నెండు కిలోలు. నరేష్ మూడుసార్లు కొలిస్తే మూడు వేర్వేరు చోట్ల మూడు నడుములు తేలాయి. వంగితే ఒకటి మాయమై ఇంకొకటి వస్తోంది. సందేహం ఉన్నచోట ఆటగాడి పక్షాన ఉండాలన్న సూత్రం ప్రకారం మూడింటినీ గుర్తించారు. కాబట్టి లయన్స్‌లో ఎవరు ఎక్కడ నిలబడినా ఏదో ఒక నడుముకి సమంగానే ఉన్నారు.

పేట జట్టు నడిమివాడు గణేష్. ఎండుచేప లాంటి మనిషి. నల్ల మొలతాడు, దానికో రాగి తాయెత్తు. వంగితే చొక్కా పైకి పోయి మొలతాడు బయటపడుతుంది. మొలతాడు కట్టుకున్నవాడికి నడుము ఎక్కడని వాదించే అవకాశం లేదు. పెద్దల ఆచారాల్లో ఎంత శాస్త్రముందో చూడండని ఉపసంఘం మెచ్చుకుని, పేట జట్టు విషయంలో రేఖను మొలతాడు నుంచి దారం మందం తేడా లేకుండా లాగాలని నిర్ణయించింది. ఈ విధంగా రెండు జట్లకీ ఒకే నిబంధన వర్తించింది.

ఛాంపియన్‌షిప్ జూన్ మొదటి ఆదివారం, పోర్టు రోడ్డు పక్క మైదానంలో. అధ్యక్షుల వారి ప్రారంభోపన్యాసం మీరు విన్నారు. వినని వారి కోసం కొంత ఇస్తున్నాను:

“సోదర సోదరీమణులారా! గీత అంటే ఏమిటి? గీత అంటే క్రమశిక్షణ! ఆనాడు లక్ష్మణస్వామి గీత గీశాడు. ఆ గీత దాటగానే జెండా వేసే అధికారి ఒక్కడు అక్కడ ఉండి ఉంటే, రామాయణం అరణ్యకాండలోనే అయిపోయేది! అటువంటి లోటు మన సంఘంలో రానివ్వను. నా కొడుకైనా సరే, పరాయివాడైనా సరే, గీత ముందు అందరూ సమానమే!”

మీరు చప్పట్లు కొట్టారు. లయన్స్ తల్లిదండ్రులు లేచి కొట్టారు.

మొదటి సగంలో పేట జట్టు మూడుసార్లు బంతిని అవతలి కొసకి చేర్చింది. మూడుసార్లూ పరిశీలన జరిగింది. మొదటిసారి కుడివైపువాడి తల రేఖ దాటిందిగానీ జుట్టు దాటలేదని జెండా పడింది. రెండోసారి గణేష్ ఊపిరి పీల్చినప్పుడు మొలతాడు అరంగుళం కదిలిందని పడింది. మూడోసారి వెనకున్న నలుగురిలో ఒకడు మరీ వెనక ఉన్నాడని పడింది. అలాంటి నిబంధన లేదని తర్వాత తెలిసింది గానీ అప్పటికే జెండా నేల మీదుంది, నేల మీద పడ్డ జెండాని తియ్యడం జెండాకి అవమానమని చలమయ్య మాస్టారన్నారు. ఐదేసి గజాలు వెనక్కి పొమ్మంటే వాళ్ళు పోయేవారు, మళ్ళీ వంగేవారు. ఇవన్నీ నాకు అవతలి పక్కన, ఉపసంఘం సభ్యులు కూర్చున్న వైపున జరిగాయి. నా వైపు ఎల్లారావు ఉన్నాడు. అతను అడుగుతున్నాడు, నేను చెబుతున్నాను, నా వైపు జెండా ఒక్కటీ పడలేదు. ఈ సంగతి అధ్యక్షుల వారి దృష్టికి వెళ్ళింది.

లయన్స్ వ్యూహాలనీ అంతే శ్రద్ధగా పరిశీలించాం. ఎండ ఎక్కువై ఇద్దరు ఆటగాళ్ళు షామియానాలో మజ్జిగ తాగుతూ ఉండిపోయినప్పుడు గీత మీద ఐదుగురే మిగిలారు. షామియానా గుంజ సరిగ్గా గీతకి సమంగా పాతి ఉన్నందువల్ల, ఆ ఇద్దరూ గీత మీద ఉన్నట్టే నమోదు చేశాం. మజ్జిగ ఎవరు తెచ్చారన్నది మా పరిధిలోకి రాదు. ఇంకోసారి నాగవంశీ ఫోన్ మాట్లాడుతూ గీతకి అవతల, ప్రత్యర్థుల మధ్యలో నిలబడ్డాడు. నాయకత్వ లక్షణమని కామెంటరీలో చెప్పారు.

ఇంత చేసినా ఆఖరి నిమిషానికి లయన్స్ ఆధిక్యం నాలుగు పాయింట్లే. బంతి పేట జట్టు దగ్గర. పద్దెనిమిది సెకన్లు మిగిలాయి. ఇంకొక్కసారి అవతలి కొసకి చేరిస్తే ఆరు పాయింట్లు, ఛాంపియన్‌షిప్, సర్టిఫికెట్, గవర్నమెంటు బోటు. పేటవాళ్ళు టైమ్ అవుట్ అడిగి నీళ్ళు తాగుతున్నారు. గోడ దగ్గర పాపాయమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది.

అధ్యక్షుల వారు నెమ్మదిగా నడుచుకుంటూ నా పక్కకొచ్చారు. ఇది నిబంధనలకి విరుద్ధం కాదు. మైదానం అద్దె వారిదే. నా భుజం మీద చెయ్యేశారు.

“తాతబాబూ, ఇంత ఎండలో నీ కష్టం చూస్తున్నానయ్యా. వచ్చే ఏడాది స్కూల్లో ఇద్దరు పి.ఇ.టి.లు ఎందుకండీ, ఒకరు చాలరా అని మేనేజ్‌మెంట్‌లో అడుగుతున్నారు. నేను నీ పేరు చెప్పాను.” నా కాలర్ సర్దారు. “ఉంచడానికో తియ్యడానికో మాత్రం ఇంకా చెప్పలేదు.”

మేనేజ్‌మెంట్ అంటే వారు, వారి శ్రీమతి. వారు వెళ్ళి కుర్చీలో కూర్చున్నారు. నాకు పెళ్ళాం, ఇద్దరు పిల్లలు, ఇద్దరూ అదే స్కూల్లో సగం ఫీజుకి చదువుతున్నారు. ఇది నేను మీ జాలి కోసం చెప్పడం లేదు. అధికారి నేపథ్యం రిపోర్టులో రాయాలని నియమం ఉంది.

పేటవాళ్ళు వచ్చి నిలబడ్డారు. నరేష్ ఇత్తడి గుండు వేలాడదీసి గణేష్ నడుము చూసి, సరేనని చెయ్యెత్తి పక్కకి తప్పుకున్నాడు. నేను లెక్కపెట్టాను. గీత మీద ఏడుగురు. వెనక నలుగురు. ఎల్లారావు నా వైపు చివర ఉన్నాడు. చెమట కళ్ళల్లోకి కారుతుంటే తుడుచుకుని నా వైపు తిరిగాడు.

“బావా, గీత మీదున్నానేటి?”

ఉన్నాడు. రేఖని బెత్తెడు దాటే ఉంది తల. నేను తల ఊపాను.

అతను మళ్ళీ చూసుకోలేదు. ముందుకి తిరిగి వంగాడు. బంతి కదిలింది. ఏడుగురూ తోశారు. లయన్స్ పక్కకి ఒరిగిపోయారు. బంతి గాలిలో తిరుగుతూ వచ్చింది, ఎల్లారావు రెండు చేతులా పొదివి పట్టుకుని పరిగెత్తాడు. నాగవంశీ వెంటపడి కొంతదూరం వెళ్ళి, ఇంటి దగ్గర పని గుర్తొచ్చినవాడిలా ఆగిపోయాడు. ఎల్లారావు అవతలి కొస చేరి బంతిని నేల మీద పెట్టాడు. విసరలేదు, పెట్టాడు. పేట జనం మొత్తం గోడ దూకారు.

జెండా బంతి కదిలిన క్షణమే పడాలి. నాది ఆ తర్వాత తొమ్మిది సెకన్లకి పడింది. దేన్నైనా ఆలోచించి చెయ్యాలని పెద్దలంటారు కదా.

చలమయ్య మాస్టారు విజిల్ ఊది నా దగ్గరికొచ్చారు. “ఏమిటయ్యా తప్పు?” అన్నారు. వ్యూహం చట్టబద్ధంగా లేదన్నాను. ఎవరిది అన్నారు. ఎల్లారావుది అన్నాను. ఎంత అన్నారు. నాలుగు వేళ్ళు వెనకున్నాడన్నాను. ఎందుకు నాలుగన్నానో తెలియదు, అప్పుడు నా చెయ్యి అలా ఉంది.

న్యాయం జరగడమే కాదు, జరిగినట్టు కనబడాలి. కాబట్టి పునఃపరిశీలన చేశాం. గణేష్‌ని మళ్ళీ వంగమన్నాం. ఎల్లారావుని ఇందాక నిలబడినట్టే నిలబడమన్నాం. అతను వచ్చి నిలబడ్డాడు. నూలుతాడు లాగితే తల రేఖని బెత్తెడు దాటే ఉంది. రెండోసారి నిలబడమన్నాం, బెత్తెడు. మూడోసారీ బెత్తెడే. నరేష్ టేపు చుట్టుకుంటూ “సరిగ్గానే ఉన్నాడు గదా మాస్టారూ” అన్నాడు. దర్జీ సాక్ష్యం గుడ్డకే పరిమితమని ఉపసంఘం కన్వీనర్ గుర్తుచేశారు. తర్వాత ఉపసంఘం ఏకగ్రీవంగా ఇలా నిర్ణయించింది: ఇప్పుడు సరిగ్గా నిలబడ్డాడు కాబట్టి, ఇందాక నిలబడినట్టు నిలబడలేదు. వాస్తవాలు దాచి అధికారులని తప్పుదోవ పట్టించే ప్రయత్నాన్ని, మొదటి తప్పు కింద క్షమించడమైనది. సమయం ముగిసినందున మళ్ళీ ఆడించే పని లేదు. సింహాద్రి లయన్స్ విజేత.

పేటవాళ్ళు తిరగబడతారని మా అందరికీ భయం వేసింది. లయన్స్ కార్లెక్కి అద్దాలు ఎత్తుకున్నారు. కానీ ఎవరూ తిరగబడలేదు. గణేష్ చొక్కా కిందికి లాక్కున్నాడు. పాపాయమ్మ మాత్రం నన్ను కాదు, ఎవర్నీ కాదన్నట్టు, “ఓలమ్మో, ఆ బాబు మంచోడేనే. మనింటికొచ్చి సేపలు గూడా కొన్నాడు” అంది.

బహుమతి ప్రదానం వెంటనే జరిగింది. నాగవంశీ సర్టిఫికెట్ అందుకున్నాడు. చింటూకి ఉత్తమ నడిమివాడి అవార్డు. వ్యూహాలని ఇంత సునిశితంగా పరిశీలించిన అధికారి దేశంలోనే లేడని అధ్యక్షుల వారు నాకు శాలువా కప్పారు. జ్ఞాపిక తీసుకోవడానికి ఎల్లారావుని పిలిచారు. అతను వేదిక ఎక్కి, జ్ఞాపిక తీసుకోకుండా నా ముందుకొచ్చి నిలబడ్డాడు. కొడతాడనుకున్నాను. కొడితే బావుండేది.

“బావా, ఉజ్జోగం పోతే పోనీ. ఒకటే సెప్పు. నానప్పుడు గీత మీదున్నానా, నేదా?”

మైకు ఆన్‌లో ఉంది. అందరికీ వినబడింది. ఫిర్యాదులు నిర్ణీత ఫారంలో మూడు ప్రతుల్లో ఇవ్వాలని నేను చెప్పాను. నా నోట్లోంచి అదే వచ్చింది. శాలువా మెడకి గుచ్చుకుంటోంది.

అతను మీ వైపు తిరిగాడు.

“బాబూ, మీరైనా సెప్పండి. మీరందరూ సూసినారు గదా. ఫోన్లెట్టి తీసినారు గదా.”

తీశారు. నాకు అక్కడి నుంచి స్పష్టంగా కనిపించింది. మూడు వందల మందికి తక్కువ కాకుండా ఉన్నారు, ఆఖరి ఆట కదా అని అందరి చేతుల్లోనూ ఫోన్లు లేచి ఉన్నాయి. నా వైపు గ్యాలరీలో కూర్చున్నవాళ్ళకైతే అతని తల, గణేష్ నడుము, నేను తల ఊపడం, మూడూ ఒకే బొమ్మలో పడి ఉంటాయి. ఎవరైనా ఒకరు లేస్తారని నేను ఎదురుచూశాను. ప్రమాణం చేసి చెబుతున్నాను, లేస్తే బావుండునని కూడా అనుకున్నాను. మీరు ఫోన్లు జేబుల్లో పెట్టుకున్నారు. మీ పిల్లలు కూడా ఆ స్కూల్లోనే చదువుతున్నారు, నాకు తెలుసు.

మీ మీద నాకేమీ ఫిర్యాదు లేదు. నిబంధనల ప్రకారం ప్రేక్షకులు గీత బయటే ఉండాలి, మీరు ఉన్నారు. ఒక్క సమాచారం ఇవ్వడానికే ఇదంతా రాశాను. నాగవంశీకి సీటు వచ్చింది. లస్కరు పోస్టుల గడువు ముగిసింది. ఎల్లారావుకి మొన్న మంగళవారంతో ముప్పై నిండాయి. ఆ రోజు కూడా తెల్లవారుజామున వేటకి వెళ్ళాడట. కాబట్టి మీలో ఎవరి ఫోన్లోనైనా ఆ వీడియో ఇంకా ఉంటే, ఇప్పుడు అతనికి పంపించవచ్చు. ఇక ఎవరికీ ఇబ్బంది లేదు.